కలుపక్క మందు కూర

మా తోడికోడలితో కలిసి రోడ్డు మీద నడవడమంత తలనొప్పి ఇంకోటి లేదు. నాలుగడుగులు వేస్తుంది, మాయమైపోతుంది. ఏమైందా అని వెనక్కి తిరిగి చూస్తే ఏ గోడ వారనో గొంతుక్కూర్చుని ఉంటుంది. "ఒసేయ్, ఇటు రావే! ఇది చూడు, ఎంత లేతగా ఉందో!" అని కేకేస్తుంది, అక్కడేదో బంగారపు ఉంగరం దొరికినట్టు. పరిగెత్తుకెళ్ళి చూస్తే ఏముంటుంది? గడ్డి. నా కళ్ళకు గడ్డి. ఆవిడ కళ్ళకు పొన్నగంటి కూర.

ఆవిడ మా బావగారి భార్య. మా ఆయనా బావగారూ ఇద్దరూ బస్సు డిపోలో మెకానిక్కులు. మా రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆవిడ పోపు వేస్తే నాకు తుమ్మొస్తుంది, నేను పిల్లల్ని తిడితే ఆవిడ అటునుంచి "చాల్లేవే, గొంతు పోతుంది" అంటుంది. డిపోలో అందరూ ఆవిడని కలుపక్క అని పిలుస్తారు. పొలంలో, తోటలో జనం పీకి పారేసే కలుపు మొక్కల్ని ఏరుకొచ్చి వండుతుంది కాబట్టి ఆ పేరు. వేరే ఎవరైనా అయితే మొహం మాడ్చుకునేవారు. ఆవిడకు చచ్చేంత గర్వం. "కలుపంటే ఏంటనుకున్నారు? ఎవరూ విత్తకపోయినా వస్తుంది, ఎవరూ నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది. పీకిన కొద్దీ పెరుగుతుంది. నాకు అంతకన్నా మంచి పేరు ఎవరు పెట్టగలరు?" అంటుంది.

ఆ చదువు ఆవిడకు తల్లి దగ్గర అబ్బింది. తల్లి పొలాల్లో కలుపు తీసే కూలి. పొద్దుటి నుంచి నడుం వంచి పీకుతూ, పారేసేది గట్టు మీదికి విసిరి, వండేది ఒడిలో వేసుకునేదట. పక్కనే పాకుతూ తిరిగిన ఈవిడకు నడక కన్నా ముందు ఆకులు తెలిశాయి. బడికి వెళ్ళింది కానీ, అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. "బళ్ళో అన్నీ నల్లగా ఒకేలా ఉండేవే. పొలంలో అయితే ఏ ఆకు మొహం దానిదే" అని చెబుతుంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒకసారి గిన్నెడు కూర తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్రటి కాడలు, దళసరి ఆకులు. మా ఇంటి వెనక మురిక్కాలవ పక్కన అలాంటిదే చూశాను కాబట్టి నాకు డోకొచ్చింది.

"అక్కా, నేను నీకు మేకలా కనిపిస్తున్నానా?" అన్నాను.

"మేకకి మలబద్ధకం రావడం ఎప్పుడైనా చూశావా?" అంది.

ముక్కు మూసుకుని తిన్నాను. తిన్నాక ఇంకాస్త పెట్టించుకున్నాను. పుల్లపుల్లగా, జిగురుజిగురుగా, వెల్లుల్లి వాసనతో పప్పులో కలిసిపోయి ఎంత బాగుందో! అది గంగవాయిలి కూర. మురిక్కాలవ పక్కది కాదు, ఆ మాట నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. కాలవ పక్కది ముట్టుకోదు. రోడ్డు పక్కది ముట్టుకోదు. కుక్కలు తిరిగే చోట అసలే ముట్టుకోదు. తెలియని ఆకు ఎంత ముద్దుగా ఉన్నా చెయ్యి వెయ్యదు. గంగవాయిలి పక్కనే, అచ్చం దానిలాగే నేలనంటుకుని పాకే మొక్క ఇంకోటి ఉంటుంది. దాని కాడ విరిస్తే తెల్లగా పాలు కారతాయి. "పాలొచ్చిందా, పారెయ్. నీళ్ళొచ్చాయా, పొయ్యి మీద పెట్టు" అని నా చేత విరిపించి చూపించింది.

ఒక్కో ఆకుకూ ఒక్కో జబ్బు పేరు చెబుతుంది. పొన్నగంటి కళ్ళకు, గలిజేరు కాళ్ళ వాపులకు, కొండపిండి మూత్రంలో రాళ్ళకు. రాళ్ళు కరిగాయో లేదో లోపలికి దూరి చూసినవాళ్ళు లేరు గానీ, ఆ మాటకొస్తే ఆవిడ కూడా బుకాయించదు. "జబ్బు ముదిరాక డాక్టరు దగ్గరికి పోవాలి. నా దగ్గరికి జబ్బు రాకముందు రావాలి" అంటుంది.

ఇంత చేయి తిరిగిన మనిషికి సొంతంగా ఒక పొయ్యి లేదు. అంటే ఇంట్లో ఉందనుకోండి. నేను చెప్పేది డిపో క్యాంటీన్ పొయ్యి. అక్కడ వంట మాస్టారి దగ్గర ఏళ్ళ తరబడి ఉల్లిపాయలు తరిగింది, అంట్లు తోమింది, బియ్యం కడిగింది. గరిటె మాత్రం ఆయన ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన వండిన కూరలో ఉప్పెక్కువైందని ఈవిడకి వాసనకే తెలిసిపోయేది. అయినా నోరెత్తకూడదు. ఇంటికొచ్చి నా మీద ఎత్తేది.

ఆ మాస్టారు ఇక ఓపిక లేదని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మేనేజరేమో బయటి కాంట్రాక్టరుకి క్యాంటీన్ ఇచ్చేద్దామనుకుంటున్నాడని తెలిసింది. పాకెట్లలో కట్టిన భోజనం వ్యానులో వస్తుందట. ఇక పొయ్యి కూడా తీసేస్తారట. ఆ మాట వినగానే ఈవిడ చేతిలో బియ్యం చేట అలాగే పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళిపోయింది. మా ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన నేను వెనకాలే పరిగెత్తాను, ఏం గొడవ చేస్తుందో అని.

"సార్, ఒక్క పూట నాకివ్వండి. డిపో అంతా తినకపోతే అప్పుడు ఆ పాకెట్లాయన్ని పిలవండి" అంది.

మేనేజరు చెడ్డవాడు కాదు. కాకపోతే బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే తిండి మానేసే రకం. చేటలోకి చూశాడు, ఈవిడ మొహంలోకి చూశాడు. "సరే, శుక్రవారం మధ్యాహ్నం. అందరూ తిని బాగుందంటే వంటగది నీదే. ఎవరికైనా కడుపు నొప్పి అని తెలిసిందో, ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకి కబురు పెడతాను" అన్నాడు.

అప్పుడు చూడాలి ఆవిడని! ఇంటికి నడిచి రాలేదు, ఎగురుకుంటూ వచ్చింది. దారిలో ఒక్క ఆకు కూడా చూడలేదు. అది నేను మొదటిసారి చూడ్డం.

కానీ ఆ వారమంతా ఒకటే వాన. బజారు వైపు రోడ్డు మునిగిపోయింది. గురువారం ఎండ కాసింది గానీ రోడ్డు మీద నీళ్ళు తగ్గలేదు. శుక్రవారం పొద్దున్నే ఆవిడకి సాయంగా నేనూ క్యాంటీన్‌కి వెళ్ళాను. కూరగాయల వ్యాను రాలేదు. బియ్యం ఉన్నాయి, పప్పులున్నాయి, ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరపకాయలు ఉన్నాయి. కూర లేదు. 

"అక్కా, మేనేజరుకి చెప్పి ఇంకో రోజు అడుగుదాం" అన్నాను.

ఆవిడ క్యాంటీన్ వెనక తలుపు తీసి నిలబడి ఉంది.  దగ్గరికెళ్ళి చూస్తే మొహం వెలిగిపోతోంది. నీళ్ళ టాంకు వెనక, ప్రహరీ గోడ దాకా ఖాళీ జాగా ఉంది. బస్సులు అటు రావు, నూనె చుక్క పడదు. వారం రోజుల వానకి ఆ నేలంతా పచ్చగా పొంగిపోయి ఉంది.

"వ్యాను రాకపోతే ఏమైందే? అక్కడ చూడు, లారీడు కూర దిగింది!" అని రెండు గంపలు చంకన పెట్టుకుని పరుగు తీసింది.

గేటు దగ్గర కాపలా ఉండే తాత ఎదురయ్యాడు. ఈవిడ ఎంత తొందరలో ఉన్నా అడగాల్సింది మర్చిపోదు. "తాతా, ఈ మధ్య ఇక్కడెవరైనా మందు కొట్టారా?" అంది.

తాత ఇంతెత్తున లేచాడు. "మందా? నేను కాపలా ఉండగానా? ఎంత మాటన్నావమ్మా! ఈ గోడ లోపల ఎవడన్నా కొట్టమను, కాళ్ళిరగ్గొడతాను."

"అడిగితే తప్పేముంది తాతా, కోప్పడతావేం" అంటూ ఈవిడ కోతకు దిగింది. కోత అన్నానా, గోటితో గిల్లుడు. చివర్లు మాత్రమే. నేను గంగవాయిలి కాడ విరిచి పాలొస్తున్నాయేమో చూసి వేస్తుంటే, ఆవిడ చూడకుండానే వేస్తోంది. వేళ్ళకే తెలుసు. పొన్నగంటి ఒక వైపు, అడవి తోటకూర ఒక వైపు, గలిజేరు చిగుళ్ళు పైన. మాట్లాడుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. గంపలు నిండి పైకి కుచ్చుల్లా లేచాయి.

ఇక వంటగదిలో ఆ హడావుడి ఏం చెప్పను! నీళ్ళు మార్చి మార్చి కడిగించింది, నా వేళ్ళు నానిపోయాయి. గంగవాయిలి పప్పులోకి, పొన్నగంటీ తోటకూరా వేపుడికి, గలిజేరు ముందు ఉడకబెట్టి వార్చి పులుసులోకి. వెల్లుల్లి కాగే నూనెలో పడగానే ఆ వాసన షెడ్డు దాటి, ఆఫీసు దాటి, గేటు దాటి పోయింది. "రుచి చూడవే, ఉప్పు చూడవే" అని గరిటె మీద గరిటె నా నోట్లో పెడుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడు కిటికీలోంచి ఒక తల లోపలికొచ్చింది. మైకు అని ఒక కండక్టరున్నాడు. గొంతు అలాంటిది. బస్సులో టిక్కెట్టడిగితే పక్క బస్సులోవాళ్ళు కూడా జేబులు తడుముకుంటారు.

"అక్కా, ఏం వండుతున్నావు? ఏం కూర అది?"

"కూర కాదు తమ్ముడూ, మందు!" అంది ఈవిడ గరిటె పైకెత్తి. "ఉత్త మందు! ఒక్క ముద్ద తిను, నడుం నొప్పి, కాళ్ళ వాపు అన్నీ ఎగిరిపోతాయి. ఇంటికెళితే మీ ఆవిడ గుర్తుపట్టదు!"

"నిజంగానా?" అన్నాడు మైకు. ఆ రెండు కళ్ళూ బస్సు లైట్లలా వెలిగాయి. తల మాయమైంది.

మధ్యాహ్నానికి క్యూ చూసి నేను నిర్ఘాంతపోయాను. ఎప్పుడూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకునేవాళ్ళు కూడా పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. షెడ్డు ఖాళీ. బస్సులు కడిగేవాళ్ళు తడి బట్టలతోనే వచ్చేశారు. ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు గుసగుసలు, నవ్వులు.

ముందు నిలబడ్డ పెద్ద డ్రైవరు, జుట్టంతా నెరిసినాయన, ముందుకు వంగి మెల్లగా అడిగాడు. "అమ్మా, పప్పులో ఎక్కువా, వేపుడులో ఎక్కువా?"

"పులుసులో ఎక్కువన్నా" అంది ఈవిడ, గలిజేరు సంగతనుకుని.

"అయితే పులుసే పొయ్యి. పప్పు వద్దు."

కూర్చుని ఆబగా తిన్నాడు. వచ్చి మళ్ళీ పళ్ళెం చాపాడు. "రుచి బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ నాకింకా ఎక్కలేదు."

"ఎక్కుతుందన్నా. ఇది నిదానంగా ఎక్కుతుంది."

"సాయంత్రానికి?"

"వారం రోజులు తినాలి."

"వారమా! ఇదేం సరుకమ్మా?" అని ఆయన నోరెళ్ళబెట్టాడు.

నాకేదో తేడాగా అనిపించింది. అడుగుదామనుకునేలోగానే మేనేజరు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఊదే మిషను. పొద్దున్నే డ్యూటీ ఎక్కే ముందు, తాగి వచ్చారేమో చూడ్డానికి డ్రైవర్ల చేత ఊదిస్తారే, అది.

"ఎవరూ స్టీరింగు ముట్టుకోవద్దు! అందరూ వరసగా వచ్చి ఊదండి!" అని అరిచాడు. తర్వాత ఈవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, నిన్ను నమ్మి వంటగది ఇస్తే, కూరలో మందు కలిపావా?"

"కలపడమేంటి సార్? ఆ ఆకే మందు!"

"ఏ ఆకు?"

"టాంకు వెనకాల కోసిన ఆకు సార్. ఒంటికి మంచిదని..."

అప్పటిదాకా ఎర్రగా ఉన్న మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. "టాంకు వెనకాలా? అయ్యో, అక్కడ పాములు చేరుతున్నాయని నిన్న కలుపు మందు కొట్టమన్నానమ్మా! తోటమాలికి నేనే చెప్పాను!"

 ఎవరి చేతిలోని ముద్ద వాళ్ళ చేతిలోనే ఉంది.

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తాతను అడిగానని చెప్పుకోవచ్చు. ఆకు బాగానే ఉందని వాదించవచ్చు. అవేవీ లేవు. గరిటెతో గంగాళం మీద టంగుమని కొట్టి, "ఎవరూ తినకండి! నోట్లోది ఉమ్మేయండి! పళ్ళేలు కింద పెట్టండి!" అని గొంతు చించుకుంది. పెద్ద డ్రైవరు ఒళ్ళోంచి పళ్ళెం లాగేసింది. గిన్నెల మీద మూతలు పెట్టి వాటికి అడ్డంగా నిలబడింది. పోయింది పొయ్యి, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. మా బావగారి దగ్గరికి పరిగెత్తి రెండు బుగ్గలూ పట్టుకుని నోరు తెరిపించింది.

"ఎలా ఉంది? కడుపులో ఎలా ఉంది?"

"బాగుందే. ఇంకాస్త వేపుడుంటే పెట్టు" అన్నాడాయన.

"నీ తిండి తగలెయ్య!" అని ఏడ్చేసింది.

నా సంగతి చెప్పక్కర్లేదు. పొద్దుటినుంచి ఎన్ని గరిటెలు రుచి చూశానో. నాలుక మొద్దుబారినట్టూ, కడుపులో తిప్పినట్టూ, కళ్ళు మసకబారినట్టూ అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. గోడకు చేరబడిపోయాను. మేనేజరు ఆస్పత్రికి ఫోను కలుపుతూనే, "ఆ తోటమాలి ఎక్కడ? పట్టుకురండి!" అంటున్నాడు.

ఈలోగా తాత వచ్చాడు. "తాతా, ఎవరూ కొట్టలేదన్నావే!" అని ఈవిడ నిలదీసింది.

"తాగేవాళ్ళ గురించి అడిగావనుకున్నానమ్మా" అన్నాడు తాత నీరుగారిపోయి.

మైకూ మరో ఇద్దరూ తోటమాలిని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. మూలనున్న పాత బస్సులో పడుకుని నిద్రపోతున్నాడట. జుట్టు రేగిపోయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మేనేజరుని చూడగానే వణికిపోయాడు.

"నిజం చెప్పు. నిన్న మందు కొట్టావా?"

"కొట్టాను సార్" అన్నాడు తలొంచుకుని.

ఎవరో అమ్మో అన్నారు. 

"ఎక్కడ?"

"టాంకు వెనకే సార్."

"ఎంత?"

"సీసాడు సార్."

"సీసాడా! నీళ్ళు కలిపావా, కలపలేదా?"

"కలిపాను సార్. ఉత్తది నేనెప్పుడూ కొట్టను, గొంతు మండుతుంది."

మేనేజరు ఆగాడు. ఫోను చెవి దగ్గర్నుంచి కాస్త కిందికి దించాడు. "నిలబడి కొట్టావా?"

"లేదు సార్, కూర్చునే. నిలబడితే పడిపోతాను."

"మరి... ఆ కలుపు మందు? మొక్కల మీద చల్లేది?"

తోటమాలి రెండు చేతులూ జోడించాడు. "దానికి చెయ్యి ఆడలేదు సార్. తప్పయిపోయింది. ఇవాళ చల్లేస్తాను, ఇప్పుడే చల్లేస్తాను!"

"వద్దు!" అని డిపో డిపో అంతా ఒక్క గొంతుతో అరిచింది.

మైకు స్టోరుగదికి పరిగెత్తి కలుపు మందు డబ్బా తెచ్చాడు. సీలు తీయలేదు. చల్లే పంపు ఎండిపోయి, దాని మూతిలో సాలెగూడు ఉంది. మేనేజరు సీలు గోకి చూశాడు, డబ్బా ఊపి చూశాడు, చివరికి కుర్చీలో కూలబడ్డాడు. తాత మాత్రం "నా గోడ లోపల కూర్చుని తాగుతావా?" అని తోటమాలి వెంట పడ్డాడు.

అప్పుడు నవ్వులు మొదలయ్యాయి చూడండి! ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వడమే. నా నాలుక బాగైపోయింది, కళ్ళు బాగైపోయాయి, పైగా ఆకలి కూడా వేసింది. నవ్వుతూనే డ్రైవర్లు వరసగా వచ్చి మిషనులో ఊదారు. ఒక్కరికీ ఏమీ చూపించలేదు. పెద్ద డ్రైవరు రెండుసార్లు ఊది, మిషను వైపు దిగులుగా చూశాడు.

"అయితే నిజంగానే ఏమీ లేదామ్మా ఇందులో?"

"ఆకులున్నాయన్నా" అంది ఈవిడ కళ్ళు తుడుచుకుంటూ.

"పోనీలే. ఆ పళ్ళెం ఇటివ్వు. పప్పు కూడా వెయ్యి ఈసారి."

ఆవిడ మూతలు తీయలేదు. మేనేజరు ముందుకు వెళ్ళి నిలబడింది. "సార్, అందరి ప్రాణాలూ గుప్పిట్లో పెట్టించాను. తాతని అడిగేటప్పుడు ఇంకాస్త విడమరిచి అడగాల్సింది. మీ ఇష్టం సార్, ఆ పాకెట్లాయన్ని పిలుచుకోండి" అంది.  నాకు ఒళ్ళు మండింది. ఎవరడిగారు ఇప్పుడీ మాట?

మేనేజరు ఊదే మిషను పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. "నా సర్వీసులో చాలామంది వంటవాళ్ళని చూశానమ్మా. కూరలో బొద్దింక పడితే జీలకర్ర అన్నవాళ్ళని కూడా చూశాను. తను వండింది తినొద్దని తనే గొంతు చించుకున్న మనిషిని ఇవాళే చూశాను. ఇక నీ చేతి అన్నం కళ్ళు మూసుకుని తింటాను. మూతలు తియ్యి. ముందు నాకు పెట్టు."

"అంటే సార్..."

"వంటగది నీదమ్మా. ఆ కాంట్రాక్టరుకి నేను చెప్పుకుంటాను. ఒకటే షరతు. ఆ జాగాలో ఇక ఎవరు ఏది చల్లాలన్నా ముందు నీకు చెప్పాలి. నువ్వేమో నా డ్రైవర్ల ముందు ఆ మాట అనకూడదు."

"ఏ మాట సార్?"

"మం... అదే! ఆ మాటే!"

ఇక ఆవిడ ఆగితే ఒట్టు. "ఒసేయ్, పొయ్యి మనదేనే!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. మూత తీసి నేను ముంచిన గరిటెలోంచి పులుసు మేనేజరు చొక్కా మీద చిందింది. ఆయన పళ్ళెం ముందుకు చాపాడు అంతే. చల్లారిన తిండి పెట్టనని ఆవిడ పట్టుబట్టి, అంత క్యూనీ నిలబెట్టి మళ్ళీ పొయ్యి రాజేసింది. ఒకప్పుడు ముట్టుకోనివ్వని ఆ గరిటెని ఎలా తిప్పిందనుకున్నారు, పుట్టినప్పటినుంచీ తన చేతిలోనే ఉన్నట్టు తిప్పింది.

గిన్నెలు ఊడ్చుకుపోయాయి. నాకూ ఆవిడకూ అడుగున మాడింది మిగిలితే, దాన్నే పంచుకుని తిన్నాం. చెయ్యి కడుక్కుని నడుం వాలుద్దామనుకున్నాను. గుమ్మంలో మైకు ప్రత్యక్షం.

"అక్కా! సాయంత్రం డ్యూటీవాళ్ళు దిగారు. మాకేదీ అంటున్నారు!"

నేను మూలుగుతూ లేచి చూసేసరికి వంటగదిలో ఆవిడ లేదు. వెనక తలుపు తెరిచి ఉంది. టాంకు వెనకనుంచి కేక వినిపిస్తోంది, "ఒసేయ్, రావే! ఈ మూల మనం చూడనే లేదు!"